తలుపు కింద గడపలోనే ఉంది అసలు బిగువు: పాత కూపే, కన్వర్టిబుల్ బాడీని కొలిచి సరిచేయడం ఎలా

పాత కన్వర్టిబుల్ నడిపినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క చక్రం గతుకులో పడగానే స్టీరింగ్ చేతిలో వణుకుతుంది, విండ్‌స్క్రీన్ ఫ్రేము ఒక తీరున ఊగితే డాష్‌బోర్డు ఇంకో తీరున ఊగుతుంది, తలుపు తన సందులో తానే కిర్రుమంటుంది. ఎవరినడిగినా "టాప్ లేని కారు, పైగా పాతది, అంతే మరి" అంటారు. అంతే అనుకుని వదిలేయకండి. కొంత వణుకు ఆ కారుకు పుట్టుకతో వచ్చిందే, కాదనను. కానీ నేను కింద పడుకుని చూసిన కార్లలో ఎక్కువ వాటికి ఆ వణుకులో పెద్ద వాటా తుప్పుది, పైపైన చేసిన వెల్డింగుది, వదులైన బోల్టులది. ఇవన్నీ కొలిచి పట్టుకోగలిగినవే. చాలామంది కొలవకుండానే బ్రేసులు (బాడీని బిగించడానికి అదనంగా వేసే కడ్డీలు, గొట్టాలు) కొనేసి బిగించేస్తారు, కారు బరువు పెరుగుతుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఈ వరుస: ముందు అర్థం చేసుకోవడం, తర్వాత కొలవడం, తర్వాత తుప్పు, ఆ తర్వాత బోల్టులు, అన్నిటికంటే చివర బ్రేసులు.

ముందు ఒక అట్టపెట్టె తీసుకోండి

చెప్పుల పెట్టె ఒకటి తీసుకుని మూత పెట్టి, అంచులన్నీ టేపుతో అతికించి, రెండు కొసలూ పట్టుకుని మెలి తిప్పండి. తిరగదు. ఇప్పుడు మూత తీసేసి మళ్లీ తిప్పండి. చేతిలో పాములా మెలికలు తిరుగుతుంది. అట్ట అదే, మందం అదే, పోయింది మూత ఒక్కటే. కూపేకి, కన్వర్టిబుల్‌కి తేడా ఇదే.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పక్క 100 మి.మీ., రేకు మందం 1 మి.మీ. ఉన్న చదరపు గొట్టం అనుకోండి. నాలుగు అంచులూ మూసి ఉన్నప్పుడు మెలిని తట్టుకునే లెక్క, ఇంజనీర్లు దీన్ని 'జె' అంటారు, 10 లక్షలు వస్తుంది (మి.మీ.లు నాలుగో ఘాతంలో). అదే గొట్టానికి ఒక అంచు వెంబడి పొడవునా సన్నటి చీలిక పెట్టండి, రేకు గ్రాము కూడా తీయకుండా. లెక్క 133కి పడిపోతుంది. అంటే సుమారు 7,500 రెట్లు తక్కువ. నిజమైన కారులో తేడా ఇంత ఘోరంగా ఉండదు, ఎందుకంటే ఆ గొట్టం రెండు కొసలూ వేరే రేకులకు అతుక్కుని ఉంటాయి, మధ్యలో అడ్డరేకులు కూడా ఉంటాయి. అయినా అసలు విషయం అర్థమైంది కదా. తలుపు కింద గడపలా ఉంటుందే, సిల్, అది మూసిన గొట్టం. దాని కింది అంచు అతుకు వెంబడి తుప్పు తినేసి రేకులు రెండూ విడిపోయాయంటే మీ కారులో చీలిక పడ్డట్టే. బయట పెయింటు మెరుస్తూ ఉన్నా సరే.

ఇంకొక లెక్క కూడా గుర్తుపెట్టుకోండి, బ్రేసులు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. మూసిన చదరపు గొట్టంలో రేకు మందం రెట్టింపు చేస్తే మెలి బిగువు రెండు రెట్లే పెరుగుతుంది, అదే గొట్టం పక్కను రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. "గట్టి ఉక్కు వేశాం సార్, హై స్ట్రెంగ్త్" అని ఎవరైనా అంటే, బలం వేరు, బిగువు వేరు అని చెప్పండి. ఉక్కు ఏ రకమైనా దాని సాగుడు గుణకం దాదాపు 200 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. ఖరీదైన ఉక్కు ఆలస్యంగా విరుగుతుందేమో కానీ, అదే సైజులో అదే మందంలో ఉంటే తక్కువేమీ వంగదు.

మీ కారు ఏ జాతిదో తేల్చుకోండి

ఇది తెలియకుండా ఎక్కడ వెతకాలో తెలియదు. స్థూలంగా కొన్ని రకాలున్నాయి.

విడి చాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన కార్లు మొదటి రకం. 1953లో వచ్చిన కార్వెట్ ఇలాంటిదే, కింద ఉక్కు చాసిస్, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ. 1962 నాటి లోటస్ ఎలాన్‌లో కారు మధ్యగా వెన్నెముకలాంటి ఉక్కు పెట్టె ఒకటి వెళ్లి రెండు కొసల్లో చీలుతుంది, మెలి భారం ఎక్కువగా మోసేది అదే. ఇలాంటి వాటిలో టాప్ ఉన్నా లేకపోయినా తేడా కొంత తక్కువ, ఎందుకంటే లెక్క అంతా కిందే ఉంది.

రెండోది మోనోకాక్, అంటే బాడీయే చాసిస్. 1922లో లాన్షియా లాంబ్డా బాడీనే భారం మోసేలా కట్టింది, 1934లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ ఉక్కు మోనోకాక్‌ను పెద్ద ఎత్తున తయారుచేసింది. 1962 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కూడా ఇదే దారి. దాని సిల్‌ను కోసి చూస్తే లోపల ఒక రేకు, బయట ఒక రేకు, మధ్యలో నిలువుగా ఇంకో రేకు ఉంటాయి. టాప్ లేదు కాబట్టి, ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య భారం నడిచే దారి ఆ గడపలూ, గేర్‌బాక్సు మీద ఉండే టన్నెలే. మూడేళ్ల తర్వాత అదే కారు పైన కప్పు వేసి జీటీగా వచ్చింది. రెండూ వరసగా నడిపి చూస్తే, పైన చెప్పిన పెట్టె మూత కథ మొత్తం అర్థమైపోతుంది.

మూడోది కలగలుపు, మనుషులు ఎక్కువ పొరబడేది వీటిలోనే. 1962 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కింద చూడండి, విడి చాసిస్ కనపడుతుంది. "సిల్ తుప్పు పడితే ఏముందిలే, చాసిస్ ఉందిగా" అనుకుంటారు. కానీ దాని తాత హెరాల్డ్‌లో ఉన్న పక్క పట్టీలు ఇందులో లేవు, ఆ పని సిల్‌లకే అప్పగించారు. పైగా వెనక సస్పెన్షన్ ఊచలు వచ్చి బాడీకే తగులుకుంటాయి. అంటే సిల్ పోతే వెనక చక్రం ఏ దిశకు చూస్తుందో అదే మారిపోతుంది. 1961 జాగ్వార్ ఈ-టైప్ ఇంకో తీరు. మధ్య భాగం మోనోకాక్ తొట్టి, ముందు ఇంజన్ మోసేది బ్రేజింగ్‌తో (ఇత్తడి లాంటి లోహం కరిగించి అతకడం) అతికిన చదరపు గొట్టాల ఫ్రేము, రెండిటినీ కలిపేవి బోల్టులు. అక్కడ మీరు చూడాల్సింది సిల్‌లతో పాటు ఆ బోల్టు చోట్లు, గొట్టాల లోపలి తుప్పు.

కంపెనీలు ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే మనకూ దారి దొరుకుతుంది. 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లో గొట్టాల ఫ్రేము తలుపు దగ్గర బాగా ఎత్తుగా వెళ్లాల్సి వచ్చింది, తలుపులు రెక్కల్లా పైకి లేచేది అందుకే. 1957లో రోడ్‌స్టర్ చేసినప్పుడు మామూలు తలుపులు పట్టడానికి ఆ పక్క గొట్టాలను కిందికి దించి ఫ్రేము మార్చాల్సి వచ్చింది. మొదటి తరం మస్టాంగ్ కన్వర్టిబుల్‌కు సిల్ లోపల అదనపు దళసరి రేకులు, ముందు రెయిలుకూ సిల్‌కూ మధ్య పెట్టెలు వేశారు. 1970 ట్రయంఫ్ స్టాగ్‌లో తల మీదుగా ఒక కమాను పెట్టి, దాన్ని విండ్‌స్క్రీన్ ఫ్రేముకు కలిపారు, పైనుంచి చూస్తే టీ అక్షరంలా ఉంటుంది. 1967 కమారో కన్వర్టిబుల్‌కు నాలుగు మూలల్లోనూ బరువైన డంపర్లు పెట్టారు. అవి బాడీని బిగించవు, దాని వణుకును మింగుతాయి అంతే. వాటిని "అనవసరపు బరువు" అని పీకేసినవాళ్లను చూశాను. తీయకండి.

కళ్లతో, చేతితో, సుత్తితో

కారును గట్టి, సమమైన నేల మీద పెట్టండి. ముందు తలుపు సందులు చూడండి. తలుపు వెనక అంచు దగ్గర పైన సందు ఇరుకుగా, కింద వెడల్పుగా ఉందంటే నడుము కుంగినట్టు. సిల్ మధ్యలో కిందికి జారితే ఎ పిల్లర్ (తలుపు ముందు, విండ్‌స్క్రీన్ పక్క స్తంభం), బి పిల్లర్ (తలుపు వెనక స్తంభం) తలలు ఒకదానివైపు ఒకటి వాలతాయి, తలుపు పైన నొక్కుకుంటుంది. తలుపు మూసేటప్పుడు కాస్త ఎత్తి మూయాల్సి వస్తుంటే కంగారుపడకండి, అది కీలు అరిగినా జరుగుతుంది. తలుపు సగం తెరిచి, కొసను పట్టుకుని పైకి ఎత్తి చూడండి, కీలు దగ్గర ఆట ఉంటే ముందు కీలు పిన్నులు మార్చి ఆ తర్వాత బాడీ సంగతి చూడండి.

తర్వాత పెయింటు. విండ్‌స్క్రీన్ స్తంభం మొదట్లో, తలుపు వెనక పై మూలలో, కూపే అయితే వెనక కిటికీ పక్క స్తంభం మొదట్లో వెంట్రుకలాంటి పగుళ్లు వెతకండి. బాడీ ఎక్కడ మెలి తిరుగుతోందో పెయింటే చెబుతుంది. ఒక మాట, కూపే ఈ విషయంలో మోసం చేస్తుంది. కప్పు చాలా భారం మోసేస్తుంది కాబట్టి, సిల్‌లు సగం తినేసినా తలుపులు చక్కగానే పడతాయి. విండ్‌స్క్రీన్ రబ్బరు పక్క నుంచి నీళ్లు కారడం, అద్దం మూల నుంచి పగలడం అక్కడ మొదటి గుర్తులు. ఈ కాలపు కార్లలో అద్దాన్ని జిగురుతో అతికిస్తారు కనుక అదీ కొంత భారం మోస్తుంది. పాత కార్లలో అద్దం రబ్బరులో కూర్చుని ఉంటుంది, మోసేది దాదాపు ఏమీ లేదు, మెలి తిరిగితే పగిలేది మాత్రం అదే.

ఇక కింద. కార్పెట్లు మొత్తం తీసేయండి, సగం మడిచి చూడటం కాదు. చిన్న సుత్తితో సిల్ మొదటి నుంచి చివరి దాకా తట్టుకుంటూ వెళ్లండి, మంచి రేకు ఖంగుమంటుంది, పోయినచోట మొద్దు శబ్దం వస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే పెయింటు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మొహమాటపడకండి, పొడిస్తే దిగేది ఎలాగూ పోయిందే. తప్పకుండా చూడాల్సిన చోట్లు: ఎ పిల్లర్ పాదం, బి పిల్లర్ పాదం, జాకీ పెట్టే చోటు, ఫ్లోరు అంచు సిల్‌ను కలిసే గీత, వెనక స్ప్రింగు కొక్కెం తగిలే చోటు. సిల్ మధ్యలో చిన్న చిల్లు పడితే చేసే నష్టం కంటే దాని రెండు కొసల్లో, అంటే పిల్లర్ల పాదాల దగ్గర, అతుకు పోతే చేసే నష్టం చాలా ఎక్కువ. గొట్టం ఎంత మంచిదైనా కొసలు దేనికీ పట్టి ఉండకపోతే అది భారం మోయలేదు.

సిల్‌లో నీరు పోయే రంధ్రాల్లోంచి చిన్న కెమెరా పంపి లోపల చూడండి. నేను కొన్న ఒక రోడ్‌స్టర్‌కు సిల్‌లు కొత్తగా, నున్నగా కనిపించాయి. కెమెరా పెడితే లోపల పాత సిల్ తుప్పు పొరలు పొరలుగా వేలాడుతోంది, దాని మీద కొత్త రేకు తొడిగి అంచుల్లో నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టారు. అంతకుముందు ఎవరు చేశారో తెలియదు. ఆ రేకు ఒక్క గ్రాము భారం కూడా మోయడం లేదు, నీటిని మాత్రం భద్రంగా దాచిపెడుతోంది.

ఇప్పుడు కొలవండి

అన్నిటికంటే ఇష్టంగా నేను చేసే పని ఇది, దయచేసి దాటవేయకండి. పని మొదలుపెట్టకముందు అంకె చేతిలో లేకపోతే, పని అయ్యాక బాగుపడిందా లేదా అన్నది మీ నమ్మకం మీద ఆధారపడుతుంది.

తేలిక పద్ధతి తలుపు సందు. ఫీలర్ గేజ్ అంత మందం కొలవదు కాబట్టి డ్రిల్ బిట్ల తోకలు వాడండి, 3, 3.5, 4, 4.5 ఇలా. తలుపు ముందు అంచులో పైన కింద, వెనక అంచులో పైన కింద, నాలుగు చోట్లా ఏ బిట్టు దూరుతుందో చూసి, తలుపు మీదే మాస్కింగ్ టేపు అంటించి రాయండి. కాగితం మీద రాస్తే పోతుంది, లేదా ఏ అంకె ఏ మూలదో మర్చిపోతాం. చక్రాలు నేల మీద ఉండగా ఒకసారి కొలవండి. తర్వాత ముందు ఒక మూల సస్పెన్షన్ తగిలేచోట జాకీ పెట్టి, ఆ చక్రం నేల విడిచేదాకా మాత్రమే లేపి, స్టాండు పెట్టి, మళ్లీ కొలవండి. రెండో మూల కూడా అలాగే. ఎడమ పక్క, కుడి పక్క మార్పుల్లో బాగా తేడా ఉంటే, ఎక్కువ మారిన పక్క సిల్ అనుమానించాల్సిందే. జాకీ పెట్టాక తలుపు అసలు తెరుచుకోకపోయినా, తెరిచింది మూసుకోకపోయినా ఆ కారును ఇక రోడ్డు మీదకు తీయకుండా పనిలోకి దిగండి.

అసలు పద్ధతికి కాస్త ఓపిక కావాలి. వెనక రెండు పక్కలా సస్పెన్షన్ బాడీకి తగిలే చోట గట్టి స్టాండ్లు పెట్టండి. ముందు మాత్రం మధ్యలో ఒకే ఒక్క ఆధారం, ముందు అడ్డపట్టీ కింద, కారు దాని మీద అటూ ఇటూ ఊగగలిగేలా. ముందు సస్పెన్షన్ తగిలే చోట్లకు అడ్డంగా ఒక వంగని దూలం బోల్టులతో బిగించండి. స్ప్రింగులు మధ్యలో ఉంటే మీరు కొలిచేది స్ప్రింగులనే, కాబట్టి దూలం బాడీకే పట్టాలి. రెండు పక్కలా బాడీ కింద చేతి వెడల్పు సందు వదిలి వేరే స్టాండ్లు ఉంచండి, ఏదైనా జారితే కారు వాటి మీద ఆగుతుంది. మీరు కారు కిందకు వెళ్లకుండానే కొలిచేలా డయల్ గేజులు (చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే కొలత పరికరాలు) అమర్చుకోండి.

దూలం మీద మధ్య నుంచి 1 మీటరు దూరంలో 50 కిలోల బరువు వేలాడదీస్తే అది సుమారు 490 న్యూటన్ మీటర్ల మెలి. ముందు ఎడమ, కుడి డయల్ గేజులు ఒకదానికొకటి 1.2 మీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి, ఆ దూరానికి ఒక డిగ్రీ మెలి అంటే రెండు గేజుల మధ్య సుమారు 21 మి.మీ. తేడా. మీకు 2.6 మి.మీ. తేడా వచ్చింది, వెనక స్టాండ్ల దగ్గర గేజులు ఏమైనా కదిలితే అది తీసేశాక. 2.6ను 21తో భాగిస్తే 0.124 డిగ్రీ. 490ని 0.124తో భాగిస్తే డిగ్రీకి దాదాపు 4,000 న్యూటన్ మీటర్లు. పాత ఓపెన్ కార్లు ఇలాంటి కొన్ని వేల స్థాయిలో ఉంటాయి, నేటి సెడాన్లు 20,000 దాటేస్తాయి. ఆ అంకె చూసి దిగులుపడకండి, మీ పోటీ నేటి కారుతో కాదు, మీ కారు నిన్న ఇచ్చిన అంకెతో.

ఇక్కడితో ఆగితే సగం ప్రయోజనమే. గేజులను సిల్ వెంబడి జరుపుతూ అయిదు చోట్ల కొలవండి: ముందు సస్పెన్షన్ దగ్గర, ఎ పిల్లర్ దగ్గర, తలుపు మధ్యలో, బి పిల్లర్ దగ్గర, వెనక సస్పెన్షన్ దగ్గర. ఈ మెలి అంకెలను గ్రాఫు కాగితం మీద గీయండి. వెనక నుంచి ముందుకు గీత నెమ్మదిగా పెరుగుతూ రావాలి. ఎక్కడైనా ఒక్కసారిగా లేచిందంటే బలహీనత అక్కడే ఉంది. నా రోడ్‌స్టర్‌లో ఆ గీత తలుపు మధ్యలో బాగానే ఉండి, ఎడమ బి పిల్లర్ దగ్గర మెట్టులా లేచింది. నేను అప్పటిదాకా ముందు భాగాన్ని అనుమానిస్తూ ఉన్నాను, ఎందుకంటే వణుకు చేతికి తెలిసేది స్టీరింగ్‌లోనే కదా. బి పిల్లర్ పాదం కోసి చూస్తే లోపలి రేకు ఎర్రమట్టిలా రాలింది.

ఇంకొకటి చూడండి. బరువు తీసేశాక గేజు ముల్లు సున్నాకు తిరిగి వచ్చిందా? రాకుండా కాస్త దగ్గర్లో ఆగిపోతే ఎక్కడో అతుకు జారుతోంది. బోల్టులతో కలిపిన కారులో అయితే వదులైన బోల్టు, మోనోకాక్‌లో అయితే ఊడిన స్పాట్ వెల్డులు (రెండు రేకులను చుక్కలు చుక్కలుగా అతికిన చోట్లు).

కోయడానికి ముందు కట్టేయండి

ఒకసారి నేనొక తప్పు చేశాను. కారును ముందు బంపరు దగ్గర, వెనక బంపరు దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపులు విప్పి పక్కన పెట్టి, సిల్ మొత్తం ఒకేసారి కోసేశాను. వెల్డింగ్ ఎంతో శ్రద్ధగా చేశాను, అతుకులన్నీ చక్కగా వచ్చాయి. తలుపు పెడితే పైన సందు 1 మి.మీ., కింద 7. సిల్ లేని సమయంలో నడుము కుంగింది, నేను ఆ కుంగుడునే కొత్త రేకుతో శాశ్వతంగా అతికేశాను. మళ్లీ మొత్తం కోయాల్సి వచ్చింది.

కాబట్టి మీరు ఇలా చేయండి. బరువు ఆనేది సస్పెన్షన్ తగిలే చోట్లలోనే ఉండాలి, కారు రోడ్డు మీద నిలబడేది అక్కడే కాబట్టి. ఇంజన్ తీసేస్తే ఆ చోట అంత బరువు పెట్టండి, లేదా ఉండనివ్వండి. నీళ్ల గొట్టంతో నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నాయో చూడండి. తర్వాత 25 మి.మీ. చదరపు ఉక్కు గొట్టం తీసుకుని ఎ పిల్లర్ నుంచి బి పిల్లర్‌కు పైన ఒకటి, కింద ఒకటి, ఐమూలగా ఒకటి కట్టండి. వీటిని పిల్లర్ల లోపలి వైపు పెట్టండి, అప్పుడు అవి ఉండగానే తలుపు తగిలించి మూసి చూసుకోవచ్చు. ఎడమ పిల్లర్ నుంచి కుడి పిల్లర్‌కు అడ్డంగానూ కట్టండి, పైనుంచి చూస్తే ఇంటూ ఆకారంలో ఐమూలలూ కట్టండి. తలుపు సందు లోపల ఐమూల కొలతలు రెండు పక్కలా రాసి పెట్టుకోండి.

బ్యాటరీ కనెక్షన్ తీసేయండి, పెట్రోలు ట్యాంకు, పైపులు, సీట్లు, గుడ్డ టాప్ కారుకు దూరంగా పెట్టేయండి, పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి, జింకు పూత ఉన్న రేకు మీద వెల్డింగ్ చేసే ముందు అతుకు దగ్గర పూత గీకేసి గాలి బాగా ఆడేచోట చేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఒక పక్క పూర్తిగా అయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకండి. ముందు లోపలి రేకు, ఫ్లోరు అంచు, పిల్లర్ల పాదాలు. తర్వాత మధ్య రేకు ఉంటే అది. బయటి సిల్ ఆఖరిది. పాత స్పాట్ వెల్డులు ఎంతెంత దూరంలో ఉన్నాయో కోయకముందే కొలిచి, కొత్త ప్లగ్ వెల్డులు (పై రేకులో చిల్లు పెట్టి అందులో నింపే వెల్డింగ్) కనీసం అంత దగ్గరగా పెట్టండి. వరసగా ఒక కొస నుంచి పెట్టుకుంటూ పోతే వేడికి రేకు లాగేస్తుంది, ఇక్కడొకటి, అక్కడొకటి, మధ్యలో ఒకటి అలా చల్లార్చుకుంటూ పెట్టండి. ప్రతి దశలోనూ ముందు టాకింగ్, అంటే నిలబడేలా అక్కడక్కడ చిన్న చుక్క వెల్డింగ్, మాత్రమే. టాక్ చేశాక తలుపు తగిలించి, టేపు మీద రాసిన అంకెలతో పోల్చి, బాగుంటేనే పూర్తి వెల్డింగ్. విసుగ్గా ఉంటుంది, కానీ తలుపుని ఇరవై సార్లు తగిలించడం సిల్ మళ్లీ కోయడం కంటే చాలా తేలిక. నీరు పోయే రంధ్రాలు కొత్త రేకులో కూడా అవే చోట్ల ఉన్నాయో లేదో చూసుకోండి.

పిల్లర్లకు కట్టిన ఆ గొట్టాలు విప్పే ముందు కారు చక్రాల మీద నిలబెట్టండి. విప్పాక తలుపు సందు మళ్లీ కొలవండి. అర మిల్లీమీటరు లోపు కదిలితే సంతోషించండి.

బోల్టులూ రబ్బర్లూ

విడి చాసిస్ కార్లలో బాడీకి చాసిస్‌కు మధ్య ఉండే దిమ్మెలు, రబ్బర్లు చితికిపోతే బాడీ ఒకటి, చాసిస్ ఒకటి విడివిడిగా మెలి తిరుగుతాయి. అన్నీ ఒకేసారి మార్చండి, సందు సర్దడానికి పెట్టిన పాత పలకలు (షిమ్‌లు) ఏ చోట ఎన్ని ఉన్నాయో ఫొటో తీసుకుని అలాగే పెట్టండి, లేకపోతే బోల్టు బిగించగానే తలుపు సందు మారిపోతుంది. ఏ బోల్టునైనా మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే బిగించండి. సాగిన రంధ్రాల్లో పెద్ద వాషరు వేసి సర్దుకోవద్దు, వెల్డింగ్‌తో నింపి మళ్లీ సైజుకు తొలచండి.

ఇప్పటికీ చాలకపోతే బ్రేసులు

తుప్పు పోయింది, బోల్టులు బిగిశాయి, మళ్లీ కొలిచారు, గ్రాఫు గీత నునుపుగా ఉంది. అప్పుడు మాత్రమే కొత్తగా ఏమైనా కలపండి. గ్రాఫులో ఎక్కడ ఏటవాలు ఎక్కువ ఉందో అక్కడ.

చాలా ఓపెన్ కార్లలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చినవి మూడు. ముందు, వెనక సబ్‌ఫ్రేములు (ఇంజన్, సస్పెన్షన్ మోసే చిన్న ఫ్రేములు) లేదా రెయిళ్లు మధ్యలో తెగిపోయి ఉన్న మోనోకాక్‌లో వాటిని కలిపే మూసిన గొట్టాలు, అవి ఫ్లోరుకు పొడవునా వెల్డ్ అయి ఉండాలి, రెండు కొసల్లో బోల్టు మాత్రమే ఉంటే సగం పని చేయవు. రెండోది, సీట్ల వెనక అడ్డరేకు. అక్కడ పెద్ద ఖాళీ ఉంటే, దానికి ఒక రేకు చుట్టూ అతికించి మూసినా, కుదరకపోతే ఐమూల గొట్టం వేసినా వెనక భాగం బాగా బిగుస్తుంది. మూడోది టన్నెల్ కింద తెరిచి ఉన్నచోట బోల్టులతో పెట్టే అడ్డపలక. టన్నెల్ కూడా మూత లేని పెట్టే కదా, పలక వేస్తే మూత పడ్డట్టే. గేర్‌బాక్సు దించాలంటే విప్పుకోవచ్చు.

బానెట్ కింద రెండు సస్పెన్షన్ టవర్ల మధ్య వేసే మెరిసే కడ్డీ అందరూ ముందు కొనేది. 1965 షెల్బీ జీటీ350కి టవర్ల నుంచి ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వెళ్లే బ్రేసు, టవర్ల మధ్య కడ్డీ రెండూ వేశారు, ముందు భాగం బిగించడానికి అవి నిజంగానే పనిచేశాయి. కానీ కన్వర్టిబుల్‌లో మెలి తిరిగేది ఎక్కువగా తలుపుల దగ్గర, అక్కడి జబ్బుకు ఇక్కడి మందు పనిచేయదు. రోల్ బార్ కూడా అంతే. ప్రాణానికి రక్షణగా వేయించుకోండి, మంచిదే, కానీ ఫ్లోరు రేకుకు నాలుగు బోల్టులతో పెట్టిన బార్ బాడీని బిగించదు, దాని పాదాలు సిల్‌కీ వెనక అడ్డరేకుకీ గట్టిగా పట్టి ఉంటేనే బిగువు వస్తుంది. హార్డ్‌టాప్ (విప్పి పెట్టుకోగల గట్టి కప్పు) ఉంటే దాని బిగింపులన్నీ సరిచేసి పెట్టి చూడండి, కొన్ని కార్లలో చక్కటి తేడా తెలుస్తుంది.

ఏ బ్రేసు వేసినా దాని కొసల గురించి ఆలోచించండి. మెత్తటి రేకులో ఒక్కసారిగా గట్టి గొట్టం మొదలైతే సరిగ్గా ఆ మొదలైన చోటే పగులుతుంది. కొసను ఏటవాలుగా కోయండి, కింద వెడల్పాటి పలక వేసి భారాన్ని పరచండి, పలక మూలలు గుండ్రంగా ఉంచండి.

మంచి కూపే కప్పు కోసి కన్వర్టిబుల్ చేద్దామన్న ఆలోచన మీకుంటే, నా సలహా వద్దనే. జాగ్వార్ లాంటి కంపెనీ కూడా ఎక్స్‌జే-ఎస్‌ను ఓపెన్ చేయడానికి 1983లో మొదట తల మీద పట్టీలు అలాగే ఉంచిన మోడల్ తెచ్చింది, పూర్తి కన్వర్టిబుల్ 1988లో వచ్చింది.

చివరగా సస్పెన్షన్, మైనం

బాడీ మెత్తగా ఉన్న కారుకు గట్టి స్ప్రింగులు వేయకండి. అప్పుడు గతుకు భారం మెలి రూపంలో బాడీలోకే పోతుంది, పైగా ఏ స్ప్రింగు మార్చినా స్టీరింగ్‌లో తేడా సరిగా తెలియదు. స్ప్రింగులు కాస్త మెత్తగా ఉంచి మంచి డంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వేయండి. చక్రాలు సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగిరిపడతాయి, ఓపెన్ బాడీల సొంత వణుకు కూడా ఇంచుమించు ఆ దగ్గర్లోనే ఉంటుంది, రెండూ కలిస్తే డాష్‌బోర్డు చిందులేస్తుంది. అరిగిన డంపరు, బ్యాలెన్స్ తప్పిన చక్రం, ఎక్కువ గాలి కొట్టిన టైరు, ఈ మూడూ చూసుకోకుండా బాడీని తిట్టకండి.

వెల్డింగ్ అంతా అయ్యాక సిల్ లోపలికి, పిల్లర్ల లోపలికి, కొత్తగా వేసిన గొట్టాల లోపలికి పొడవైన ట్యూబుతో మైనం కొట్టండి, నీటి రంధ్రాల్లోంచి కారేదాకా. కారాక ఆ రంధ్రాల్లో తీగ దూర్చి తెరిచి ఉంచండి. వెయ్యి కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ మళ్లీ టార్కు చూడండి, బ్రేసుల కొసల దగ్గర పెయింటు పగిలిందేమో టార్చి వేసి చూడండి, తలుపు మీద అదే టేపు పక్కన కొత్త అంకెలు, తేదీ రాసి పెట్టండి.